వ్యాజ్యకారణము లేని భూమి దావాలు: వాదపత్ర తిరస్కారముపై ఒక సమీక్ష

హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగదల్పూరు వైపునకు సాగు 63వ జాతీయ రహదారియు కలిసికొను ఆర్మూరు పరిసరములందు, తొమ్మిది నెలల పంటయైన పసుపునకు పేరుపడిన భూములు ఒకప్పుడు పంటనుబట్టి వెల పలుకుచుండగా, నేడు రోడ్డునుబట్టియు ప్లాటునుబట్టియు పలుకుచున్నవి. నేల వెల పెరిగినచోట పాత కాగితములు పెట్టెలనుండి వెలికివచ్చుట సహజము. తాత తెల్లకాగితముపై అమ్మిన చెలకను మనుమడు తిరిగి అడుగుటయు, తాను స్వయముగా వేలిముద్ర వేసిన క్రయపత్రము చెల్లదని ఏండ్లు గడచిన పిదప ఒకడు మొరవెట్టుటయు, పహాణీలో పేరు మారినదను ఒక్క మిషతో హద్దు పొరుగువాడు దావా వేయుటయు ఇట్టి ప్రాంతముల కోర్టులకు క్రొత్త కాదు. వీనిలో న్యాయమైనవి కలవు. ఎదుటివానిని అలయజేసి రాజీకి దింపుటకై పుట్టినవియు కలవు. ఈ రెండవ తెగకు చెందిన దావాలను కూడ సాక్షులు, అడ్డుప్రశ్నలు, వాదనలు, అప్పీళ్లు అను సుదీర్ఘమార్గమున నడిపించి తీరవలసినదేనా, లేక వాదపత్రమును చదివినంతనే ఇందు విచారింపదగినది ఏమియు లేదని త్రిప్పివేయవచ్చునా అనునది ఈ వ్యాసమున పరిశీలింపబడు ప్రశ్న.

ఆ అధికారమును 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోని 7వ ఆర్డరు 11వ రూలు న్యాయస్థానమునకు ఇచ్చినది. 1951 ఏప్రిల్ 1 నుండి ఈ స్మృతి హైదరాబాదు రాజ్యమునకును వర్తించుటచే, నాటినుండి ఆర్మూరు దావాలకును ఇదియే శాసనము. వాదపత్రము వ్యాజ్యకారణమును వెల్లడింపనప్పుడును, కోరిన ఉపశమనమునకు విలువ తక్కువకట్టి కోర్టు గడువిచ్చినను సరిచేయనప్పుడును, చాలినంత స్టాంపు లేక గడువులోపల దానిని పూరింపనప్పుడును, దావా ఏదేని చట్టముచే నిషిద్ధమని వాదపత్రమునుబట్టియే కనబడునప్పుడును, ప్రతులకు సంబంధించిన విధులను పాటింపనప్పుడును న్యాయాధికారి దానిని తిరస్కరింపవలెను. ఇది ఐచ్ఛికము కాదు, విధి. తిరస్కరించుచు కారణములను వ్రాయవలెనని 12వ రూలు చెప్పుచున్నది. ఆ ఉత్తర్వు 2వ సెక్షను ప్రకారము డిక్రీగా పరిగణింపబడును గావున దానిపై అప్పీలు చేసికొనవచ్చును. 13వ రూలు మరియొక ద్వారమును తెరచియుంచినది: లోపమును సవరించి, కాలపరిమితి మిగిలియున్నచో, వాది అదే వ్యాజ్యకారణముపై క్రొత్త వాదపత్రమును దాఖలు చేయవచ్చును. కావున తిరస్కారము వాది హక్కును చంపునది కాదు. హక్కు చూపక వచ్చినవానిని గడపవద్ద నిలుపునది మాత్రమే.

వ్యాజ్యకారణమన నేమి? వాది గెలువవలెనన్నచో, ప్రతివాది కాదన్నచో, నిరూపింపవలసిన సమస్త సంగతుల సముదాయమే వ్యాజ్యకారణమని ఇంగ్లండు న్యాయమూర్తులు పందొమ్మిదవ శతాబ్దముననే నిర్వచించిరి. ప్రతివాది చెప్పబోవు సమాధానముతో దానికి ఎట్టి సంబంధమును లేదనియు, వాదపత్రములో వాది చూపిన ఆధారములలోనే దానిని వెదకవలెననియు 1888లో ప్రీవీ కౌన్సిలు ఒక భారతదేశపు కేసున తేల్చినది. భూమి దావాకు దీనిని అన్వయించినచో, ఆ భూమి తనకు ఎట్లు సంక్రమించినది, ప్రతివాది ఎప్పుడు, ఏ చర్యచే ఆ హక్కునకు భంగము కలిగించెను, ఆ భంగమునకు చట్టము ఏ పరిహారమును చూపుచున్నది అను మూడింటికి వాదపత్రములో జవాబుండవలెను. మన తాలూకా కోర్టులలో దాఖలగు వాదపత్రముల చివర, కోర్టు ఫీజు పేరాకు పైన, ఒక పేరా తప్పక కనబడును: ఫలానా తేదీన ప్రతివాదులు దావా భూమిపైకి వచ్చి వాది స్వాధీనమునకు ఆటంకము కలిగించినప్పుడు ఈ కోర్టు పరిధిలో వ్యాజ్యకారణము ఉద్భవించినదని. సర్వే నంబరు మారును, తేదీ మారును, పేరా మాత్రము మారదు. ఆ పేరా ఉండుట వ్యాజ్యకారణముండుట కాదు. ఆ పేరాకు పైనున్న పది పేరాలలో హక్కునకును భంగమునకును లంకె కుదిరినదా యని చూచుటయే న్యాయాధికారి పని.

ఈ విషయమున నేటికిని దిక్సూచిగా నిలిచినది 1977లో సుప్రీంకోర్టు వెలువరించిన అరివందందం తీర్పు. బెంగుళూరులో ఒక అద్దె ఇంటినుండి వెడలిపొమ్మని పైకోర్టు వరకును తేలిన పిదప, ఆ తేలినదానిని మరల తిరుగదోడుటకై క్రొత్త దావా వేసిన సందర్భమున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు వ్రాసిన ఆ తీర్పు, వాదపత్రమును లాంఛనముగా గాక అర్థవంతముగా చదువవలెననియు, నేర్పరియైన లేఖకుడు వ్యాజ్యకారణమున్నట్లు భ్రాంతి కల్పించినచో ఆ భ్రాంతిని తొలివిచారణలోనే ఛేదింపవలెననియు, అందుకు 10వ ఆర్డరు క్రింద కక్షిదారుని పిలిచి ప్రశ్నింపవలెననియు క్రింది కోర్టులకు ఉద్బోధించినది. నిజామాబాదు మార్కెట్టు యార్డులో పసుపు కొనువాడు, డ్రమ్ములో పాలిషు పట్టిన కొమ్ము మెరుపును చూచి ధర కట్టడు. కొమ్మును విరిచి లోపలి రంగు చూచి కట్టును. వాదపత్రమును చదువవలసిన విధానమును అంతకన్న సూటిగా చెప్పుట కష్టము.

అయితే విరిచి చూడవలసినది వాది తెచ్చిన కొమ్మునే గాని ప్రతివాది సంచిలోనిది కాదు. 2002 నాటి సలీంభాయి కేసున సుప్రీంకోర్టు ఈ హద్దును స్పష్టముగా గీసినది. తిరస్కార దరఖాస్తును తేల్చునప్పుడు వాదపత్రములోని కథనములే ప్రమాణము. ప్రతివాది జవాబుదావాలో ఏమి చెప్పినను ఆ దశలో అది అప్రస్తుతము. వాది తన వాదపత్రముతో జతపరచి, దానిపై ఆధారపడిన దస్తావేజులు మాత్రము వాదపత్రమున అంతర్భాగములే. వాది చెప్పినదంతయు సత్యమేయని అంగీకరించినను అతనికి డిక్రీ ఈయ వీలులేనప్పుడే దావా గడపదాటరాదు. వాది చెప్పినది నమ్మదగినదిగా లేదనుట, సాక్ష్యము బలహీనమనుట తిరస్కారమునకు కారణములు కానేరవు. అట్లే ప్రాదేశిక పరిధి లేదన్నచో 10వ రూలు క్రింద వాదపత్రమును తగిన కోర్టులో దాఖలు చేసికొనుమని తిరిగి ఇచ్చుటయే గాని తిరస్కరించుట కాదు.

తెలుగునేల నుండి ఢిల్లీ వరకు వెళ్లిన కేసులను వరుసగా చూచినచో ఈ అధికారముయొక్క రెండు ముఖములును స్ఫుటముగా గోచరించును. 2015లో గురురాజరెడ్డి కేసున, హైదరాబాదు హైకోర్టు కాలపరిమితి దాటినదని తిరస్కరించిన ఆస్తి దావాలను సుప్రీంకోర్టు పునరుద్ధరించినది. వాదపత్రము తిరస్కారము వ్యాజ్యమును ఆరంభముననే అంతమొందించు తీవ్రమైన అధికారమనియు, దాని షరతులు కఠినమనియు, వాదపత్రమును సమగ్రముగా చదివినప్పుడు విచారింపదగిన అంశము కనబడినచో దావాను నడువనీయవలెననియు జస్టిస్ రంజన్ గొగోయి ఆ తీర్పున వ్రాసిరి. 2017 ఏప్రిల్‌లో సయ్యద్ జలాల్ కేసున మాత్రము, వక్ఫు ఆస్తియని చెప్పబడిన భూమికి 1963 నాటి గెజెటు ప్రకటన ఆధారము కానరాకపోవుటచే, హైకోర్టు నిలిపిన వాదపత్రమును సుప్రీంకోర్టు తిరస్కరించినది. అదే సంవత్సరము సెప్టెంబరులో భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసు వచ్చినది. రంగారెడ్డి జిల్లాలోని భూమిని గూర్చి లోక్ అదాలత్‌లో వెలువడిన అవార్డు మోసముతో పొందబడినదని సివిలు దావా వేయగా, అట్టి అవార్డును రిట్ పిటిషను ద్వారా మాత్రమే ప్రశ్నింపవచ్చుననియు, చట్టముచే నిషిద్ధమను మాటలోని చట్టమనగా శాసనసభ చేసిన చట్టమే గాక న్యాయస్థానముల నిర్ణయములును అగుననియు చెప్పి, వాదపత్ర తిరస్కారమును సుప్రీంకోర్టు సమర్థించినది. గ్రామములందు రాజీపడిన భాగపంపిణీలెన్నియో లోక్ అదాలత్ అవార్డులుగా మారుచున్న కాలమున ఈ తీర్పు ప్రభావము స్వల్పము కాదు.

వీనియన్నింటిలో అధికముగా వివాదాస్పదమైనది కాలపరిమితి. 1963 నాటి పరిమితి చట్టమున 58, 59 అధికరణములు హక్కు ప్రకటనకును దస్తావేజు రద్దునకును 3 సంవత్సరములను, 65వ అధికరణము హక్కునాధారముగా స్వాధీనము కోరుటకు 12 సంవత్సరములను విధించుచున్నవి. 3 ఏండ్ల గడువు దాటినవాడు ఏమి చేయును? దస్తావేజును గూర్చి తనకు మొన్ననే తెలిసినదని వ్రాయును. ఆ మాటను తొలిదశలో నమ్మవలెనా? 2018లో ఛోటన్‌బెన్ కేసున, సోదరులు 1996లో చేసిన క్రయమును 2013లో ప్రశ్నించిన ఆడపడుచుల దావాను సుప్రీంకోర్టు నిలబెట్టినది. ఎప్పుడు తెలిసినదనునది సాక్ష్యముపై తేలవలసిన సంగతియన్నది. 2019లో మాత్రము, 1981 నాటి రిజిస్టర్డు దానపత్రమును 2003లో ప్రశ్నించిన దాత దావాను జస్టిస్ ఎం.ఆర్. షా తిరస్కరించిరి. 2020 జూలై 9న వెలువడిన దహిబెన్ తీర్పులో జస్టిస్ ఇందూ మల్హోత్రా మరింత విశదముగా వ్రాసిరి. సూరతు సమీపమున వ్యవసాయ భూమిని 2009లో అమ్మినవారు, తమకు 36 చెక్కులలో 6 చెక్కుల క్రింద 40,000 రూపాయలు మాత్రమే ముట్టినవనియు, మిగిలిన 30 చెక్కులు బూటకమనియు చెప్పి 2014 డిసెంబరులో క్రయపత్రము రద్దు కోరిరి. ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ప్రకారము వెల చెల్లించినను, చెల్లించెదనని వాగ్దానము చేసినను క్రయము పూర్తియగును. బాకీపడిన వెలకు దావా వేయవచ్చునే గాని క్రయమును రద్దుచేయుమని అడుగరాదు. పైగా చెక్కులు చెల్లలేదని 2009లోనే తెలిసినవారు ఐదేండ్లకు పైగా మిన్నకుండిరి. అప్పీలును లక్ష రూపాయల ఖర్చులతో కోర్టు కొట్టివేసినది.

ఈ తీర్పులు పరస్పరము విరుద్ధములని కొందరందురు. నా దృష్టిలో వీనినడుమ ఒక విభజనరేఖ ఉన్నది. దస్తావేజుపై తానే సంతకము చేసినవాడు, దానిలో తాను పక్షమైనవాడు, దానిని ఎరుగనని చెప్పజాలడు. అతని వాదపత్రమే అతనికి ప్రతిబంధకము. దస్తావేజుతో సంబంధము లేక, దాని వెనుక జరిగిన క్రయమును తరువాత వినినవాడు మాత్రము తనకు తెలిసిన తేదీని, తెలిసిన రీతిని వివరముగా వ్రాసినచో, అది సాక్ష్యముతోనే తేలవలెను. 2023 ఏప్రిల్ 28న ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన రామిశెట్టి వెంకటన్న కేసున సుప్రీంకోర్టు చేసినదియు ఈ రేఖకు అనుగుణమే. 1953 నాటి భాగపంపిణీ దస్తావేజులో సర్వే నంబరు పొరపాటున పడినదని చెప్పుచు, ఆ దస్తావేజును మాత్రము సవాలు చేయక, దశాబ్దముల పిదప మరల భాగము కోరిన దావా లేఖన చమత్కృతి మాత్రమేయని దానిని తిరస్కరించినది.

భాగదావాలలో ఆడపడుచుల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణము 1985 సెప్టెంబరు 5 నాటికి అవివాహితయైన కుమార్తెకు పిత్రార్జితమున సమభాగము నిచ్చెను. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టము వివాహితకును ఇచ్చెను. 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు తండ్రి ఆనాటికి జీవించియుండనక్కరలేదని తేల్చెను. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డు పత్రముతో జరిగిన భాగపంపిణీలకు మాత్రము రక్షణ కలదు. కావున అట్టి పంపిణీ జరిగినదని తన వాదపత్రములోనే అంగీకరించి భాగమడిగినవారి దావాకు వ్యాజ్యకారణము కొరవడినదనవచ్చును. నోటిమాటగా పంచుకొన్నామని సోదరులు చెప్పుకొను సాకుతో సోదరి వాదపత్రమును త్రిప్పివేయరాదు. ఏలయన ఆ పంపిణీ ప్రతివాది మాటయే గాని వాది మాట కాదు. ఇట్టిచోట తొందరపడు న్యాయాధికారి చట్టము కల్పించిన హక్కును ప్రక్రియతో హరించినవాడగును.

తెలంగాణ భూముల దావాలకు మరియొక చిక్కు రెవెన్యూ దస్త్రములది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ, సేత్వారు, రక్షిత కౌలుదారు జాబితా, విరాసత్ ఉత్తర్వు, సాదా బైనామా, దానిని క్రమబద్ధము చేసిన 13-బి సర్టిఫికెటు: ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క వాదపత్రమునకు ఊపిరి. రక్షిత కౌలుదారు హక్కులను గూర్చి 1950 నాటి కౌలుదారీ చట్టముచే రెవెన్యూ అధికారి తేల్చవలసినదానిని సివిలుకోర్టు తేల్చరాదని ఆ చట్టము 99వ సెక్షను నిషేధించుచున్నది; అట్టి దావా చట్టనిషిద్ధమని మొదటనే చెప్పవచ్చును. పాసుపుస్తక ప్రవిష్టివలన బాధితుడైనవాడు హక్కు ప్రకటన కోరుచు సివిలుకోర్టుకు రావచ్చునని 1971 నాటి పాసుపుస్తకముల చట్టము 8(2) సెక్షను అనుమతించినది. దానికి బదులుగా వచ్చిన 2020 చట్టము రెవెన్యూ కోర్టులను తొలగించగా, 2025 ఏప్రిల్ 14న అమలునకు వచ్చిన భూభారతి చట్టము రెవెన్యూ అప్పీళ్లకు మరల దారి తెరచినది. దస్త్రములో పేరెక్కినంతమాత్రమున హక్కు పుట్టదు, పేరు తొలగినంతమాత్రమున హక్కు పోదు. కావున పేరు మారినదని మాత్రమే చెప్పి, తన హక్కు మూలమును చెప్పని వాదపత్రము వ్యాజ్యకారణము చూపినది కాదు. కాని పహాణీ ఆధారముగా తన స్వాధీనమును, దానికి కలిగిన ఆటంకమును వివరముగా చెప్పిన నిషేధాజ్ఞ దావా, హక్కు సంగతి సందిగ్ధమైనను, తిరస్కారమునకు పాత్రము కాదు.

తొలినాడే వాదపత్రమును సరిగా చదువకున్నచో ఏమగునో వరంగల్లు నుండి వెళ్లిన అనాతుల సుధాకర్ కేసు తెలుపును. ఒకడు తన తోబుట్టువునకు పసుపుకుంకుమల క్రింద నోటిమాటగా ఇచ్చినాడని చెప్పబడిన స్థలమును ఆమె వద్ద 1968లో కొన్నవారు, అదే స్థలమును సోదరుడు 1977లో వేరొకరికి రిజిస్ట్రేషను చేసిన పిదప, 1978లో నిషేధాజ్ఞ మాత్రము కోరుచు దావాలు వేసిరి. హక్కే ప్రశ్నార్థకమైనప్పుడు హక్కు ప్రకటన కోరవలెననియు, ఆ నోటిదానమును గూర్చిన కథనము వాదపత్రములో లేనిచో దానిని రెండవ అప్పీలులో తేల్చరాదనియు 2008లో సుప్రీంకోర్టు చెప్పునప్పటికి 30 సంవత్సరములు గడచెను. అది 11వ రూలు క్రింది కేసు కాదు. తిరస్కరింపదగిన వాదపత్రమును కాదు. కాని వాదపత్రమున ఏమున్నది, ఏమి లేదు అని ఆరంభమున అడిగియుండినచో సవరణతో తీరిపోవు లోపమునకు కక్షిదారులు ఒక తరమును చెల్లించుకొనిరి.

వాదపత్రమును భాగములుగా తిరస్కరింపవచ్చునా అనునది ఇంకొక ప్రశ్న. వీలులేదని 2017, 2019 తీర్పులు చెప్పినవి. కోరిన ఉపశమనములలో ఒక్కటి నిలిచినను వాదపత్రము నిలుచునని 2025 జనవరిలో సుప్రీంకోర్టు మరల వక్కాణించినది. దీనివలన ఒక అనర్థము లేకపోలేదు: నిలువజాలని రద్దు ప్రార్థనతోపాటు నామమాత్రపు నిషేధాజ్ఞ ప్రార్థనను చేర్చి గడపదాటుట నేర్పరులకు సులభమైనది.

అంతకన్న పెద్ద అనర్థము కాలవిలంబము. దావా నడుచుచున్న భూమిని కొన్నవాడు దావా ఫలితమునకు లోబడవలెనని ఆస్తి బదిలీ చట్టము 52వ సెక్షను చెప్పుచున్నందున, రహదారి ప్రక్కన ప్లాటుపై దావా పడినదన్న వార్త చాలును, కొనువాడు వెనుదిరుగును, బ్యాంకు అప్పు ఆగును. వ్యాజ్యకారణము లేని వాదికి డిక్రీ అక్కరలేదు. కేసు నంబరు చాలును. మరియొకవైపు ప్రతివాదులును ఈ రూలును దుర్వినియోగము చేయుచున్నారు. ఏ దశలోనైనను దరఖాస్తు పెట్టవచ్చునను సౌలభ్యముతో సాక్ష్యము సగము నడచిన పిదప దానిని దాఖలు చేసి, అది వీగినచో హైకోర్టున రివిజను వేసి, న్యాయమైన వాదిని ఏండ్లు నిలిపివేయుదురు. నగరి శాసనసభ్యత్వమునకు సంబంధించిన రోజా కేసున 2016లో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పినది: తిరస్కార దరఖాస్తును విచారణకు ముందే తేల్చవలెను, జవాబు దాఖలు చేయు గడువు పోగొట్టుకొన్నవాడు దానిని తిరిగి సంపాదించుటకు ఈ దరఖాస్తును సాధనముగా వాడరాదు. అది ఎన్నికల పిటిషనైనను సూత్రము భూమి దావాలకును సమానమే.

పరదేశములు కూడ ఈ సమస్యను ఎదుర్కొన్నవే. అమెరికా సుప్రీంకోర్టు 2007, 2009 తీర్పులతో వాది కథనము సంభావ్యముగా కనబడవలెనని ప్రమాణమును బిగించినది. ఇంగ్లండులో సమంజసమైన ఆధారము చూపని దావాను కొట్టివేయుటయే గాక, గెలుపునకు నిజమైన అవకాశము లేనిదానిని సంక్షిప్త తీర్పుతో ముగింపవచ్చును. మనదేశమున అట్టి సంక్షిప్త తీర్పు 2015 చట్టముతో వాణిజ్య వివాదములకే వచ్చినది. సామాన్య భూమి దావాకు 11వ రూలే దిక్కు. సంభావ్యతను తొలిదశలో తూచు అధికారము మన క్రింది కోర్టులకు లేకుండుటయే మేలని నా అభిప్రాయము. కాగితములన్నియు ఎదుటివాని చేతిలోనుండగా, నోటిమాట తప్ప మరొకటి లేని రైతు ఆ తూనికలో తేలిపోవును.

కావలసినది క్రొత్త చట్టము కాదు, ఉన్న చట్టమును తగిన దినమున వాడుట. దావా నంబరు పడకముందు కార్యాలయము స్టాంపు లెక్కను, షెడ్యూలు హద్దులను సరిచూచుచున్నది; ఆ దినముననే న్యాయాధికారి హక్కు, భంగము, పరిహారము అను మూడింటిని వాదపత్రమున వెదకవలెను. ఏకపక్ష నిషేధాజ్ఞ కోరు ప్రతి దావాలోను ఇది తప్పనిసరి కావలెను. సందేహమున్నచో 10వ ఆర్డరు క్రింద వాదిని పిలిచి నాలుగు ప్రశ్నలు వేయవలెను. సవరణతో తీరు లోపమును సవరింపనిచ్చి, తీరని లోపమున్నదానిని కారణములు వ్రాసి తిరస్కరింపవలెను. ప్రతివాది దరఖాస్తు పెట్టినచో వారములలో తేల్చవలెను. అబద్ధపు దావాకు 35-ఏ సెక్షను విధించు పరిహారము నేటికిని 3,000 రూపాయలకు మించరాదనుట హాస్యాస్పదము. పార్లమెంటు దీనిని భూమి విలువకు తగినట్లు సవరింపవలెను.

న్యాయవాదులకును ఒక మనవి. కక్షిదారుడు తెచ్చిన కాగితములలో వ్యాజ్యకారణము కానరానప్పుడు, దానిని కలముతో సృష్టింపబూనుటకన్న, దావా లేదని అతనికి చెప్పి పంపుట వృత్తిధర్మము. పదునైదేండ్ల పిదప పైకోర్టులో వెలువడు తిరస్కారము ఎవరికిని న్యాయము చేయదు. మొదటి వాయిదాననే వెలువడినది వాదికిని, ప్రతివాదికిని, భూమికిని మేలు చేయును.